కడిగి పంపిన పళ్ళెం

పళ్ళెం కడిగి పంపించారు.

లాజార్ దాన్ని రెండు చేతులా పట్టుకుని, పెరట్లో విడిగా ఉన్న వేసవి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. పందిని కొయ్యడానికి తెల్లవారుజామునే వచ్చిన మనిషి. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఈ ఇంటి రాయబారం కూడా అతని నెత్తినే పడింది. పన్నెండింటికి వేడివేడిగా నింపి ఈ ఇంటి కూతురికి తీసుకెళ్ళిన పళ్ళెం ఇప్పుడు తళతళలాడుతోంది.

"అమ్మాయే ఇచ్చిందా?" అంది విల్మా. చేతులకి మాంసం, ఎర్రకారం అంటుకుని ఉన్నాయి. తుడుచుకోవడం కూడా మర్చిపోయింది.

"మనిషెవరూ కనబడలేదమ్మా. మన గేటుకే సంచిలో తగిలించి పోయారు. సున్నం కొట్టినంత తెల్లగా కడిగారు."

తీసా నది ఒడ్డున ఆ ఊళ్ళలో పంది కోసిన రోజున చుట్టాలకీ ఇరుగుపొరుగుకీ రుచి పళ్ళెం వెళ్తుంది. రెండు సాసేజీలు, ఓ నెత్తుటి సాసేజీ ముక్క, కాస్త వేపుడు. తిన్నవాళ్ళు ఆ పళ్ళేన్ని జిడ్డుతోనే తిరిగిస్తారు. కడిగితే పంపిన ఇంటి అదృష్టాన్ని కూడా కడిగేసినట్టే. కంచె తగాదా పెట్టుకుని కోర్టు మెట్లెక్కిన పక్కింటివాళ్ళు కూడా మొహం తిప్పుకునే ఇస్తారు గానీ, జిడ్డు మాత్రం ఉంచుతారు.

విల్మా పళ్ళేన్ని భర్త ముందు టేబుల్ మీద పెట్టింది. చప్పుడయ్యేలాగే పెట్టింది.

"చూశావా?"

"చూశాను," అన్నాడు ఆర్మిన్. పాడైన ఎడమ మోకాలు ముక్కాలి పీట మీద చాపుకుని, నింపిన పేగుల చివర్లకి దారం కడుతున్నాడు. తల ఎత్తలేదు.

"చూసి?"

"శుభ్రంగా కడిగారు."

"నీకు నవ్వులాటగా ఉందా?"

"నవ్వుతున్నట్టు ఉన్నానా నేను?"

నిజమే, నవ్వడం లేదు. మూడు వారాలుగా ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. మూడు శుక్రవారాల కిందట ఊరి ఫుట్‌బాల్ జట్టు కోచ్ బోడిష్ ఆర్మిన్ వసంతకాలపు ఆటలకి ఇరవై రెండు మంది పేర్లు రాసి, డ్రెస్సింగ్ రూమ్ తలుపుకి అంటించి, వెనక గుమ్మంలోంచి ఇంటికి వచ్చేశాడు. ఆ ఇరవై రెండు పేర్లలో అల్లుడి పేరు లేదు. ఐదేళ్ళలో అదే జట్టుకి అరవై ఒక్క గోల్స్ కొట్టిన జలాన్ ఆ కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నాడట. పక్కనున్న పద్దెనిమిదేళ్ళ పిల్లలందరికీ ఒక్కసారే బూట్ల లేసులు గుర్తొచ్చి కిందికి వంగారట. ఆ సాయంత్రమే కూతురు నోయేమి ఫోన్ చేసింది. నాన్న ఆ ఇంట్లో ఉన్నంతకాలం ఆ గడప తొక్కను, అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది.

"రేపొద్దున వాళ్ళకి పిల్లో పిల్లాడో పుడితే బారసాల కబురు కూడా ఇలాగే గేటుకి తగిలించి పోతారు," అంది విల్మా. "ఒక్క మాట! నీ నోటితో ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

"కోచ్ అనేవాడు చెప్పడు విల్మా. కాగితం అంటిస్తాడు, వెనక నుంచి వెళ్ళిపోతాడు. అది మర్యాద. పేరు లేనివాడి మొహం మనం చూడకూడదు. వాడి మొహాన్ని వాడికి వదిలెయ్యాలి."

"మర్యాదా? మా పుట్టింటి వైపు దాన్ని పారిపోవడం అంటారు."

"మా వైపూ అంతే అంటారు," అన్నాడు లాజార్. ఆర్మిన్ చూసిన చూపుకి గబగబా పొయ్యి దగ్గరకి వెళ్ళి కొవ్వు కలపసాగాడు.

"నువ్వు పంది సంగతి చూసుకో లాజార్."

"పంది సంగతి తెల్లారే అయిపోయింది దొరా. ఇప్పుడు నడుస్తున్నది మీ సంగతే."

ఆర్మిన్ దారం పళ్ళతో కొరికి తెంపాడు. తర్వాత ఎవరితోనో కాదు, ఆ సాసేజీతో చెప్తున్నట్టు మెల్లగా అన్నాడు. "నా పేరూ ఒకరోజు అలాగే పోయింది. ముప్పై నాలుగేళ్ళు అప్పుడు నాకు. చదువుకున్నాను, బూట్లు సంచిలో వేసుకున్నాను, వచ్చేశాను. కోచ్ ఎక్కడా కనబడలేదు. ఎవరూ నా మొహం చూడలేదు. ఆ ముసలాయనంటే నాకు ఈ రోజుకీ గౌరవమే."

"ఎవరూ చూడలేదా?" అంది విల్మా. "మరి నేనెవర్ని? పదకొండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నావు. పదకొండు! లెక్కపెట్టాను. నోయేమికి నాలుగేళ్ళు. నాన్నకి పన్ను నొప్పా అమ్మా అని రోజూ అడిగేది. మీ మగాళ్ళ మర్యాద అంతా ఎక్కడికి వచ్చి పడుతుందో తెలుసా? మా వంటింట్లోకి!"

ఆర్మిన్ ఇంకో పేగు చివర ముడి వేశాడు. ఒకప్పుడు నలభై వేల మంది ఒక్క గొంతుతో పిలిచిన పేరు అతనిది. దేశం జెర్సీ నాలుగుసార్లు వేసుకున్నాడు. ఆట ఆగిపోయాక కోచ్ అయ్యాడు. అక్కణ్ణుంచి మొదలైంది విల్మా ఆట. ఇరవై ఎనిమిదేళ్ళు, పదకొండు ఊళ్ళు, పదకొండు అద్దె ఇళ్ళు. ఒకే జత కర్టెన్లని ఒక ఊళ్ళో కత్తిరించింది, ఇంకో ఊళ్ళో అతుకు వేసింది. సైప్రస్‌లో నిమ్మచెట్టు పూతకి రాగానే ఉద్యోగం పోయింది. ట్రాన్సిల్వేనియాలో నలభై రోజులే ఉన్నారు, పెట్టెలు విప్పిన పాపాన పోలేదు. కువైట్‌లో ఎవరూ తొలగించలేదు, జీతం ఇవ్వడం మానేశారు, అంతే. కాళ్ళకి చక్రాలు కట్టుకున్న ఆ బతుకులో నోయేమి ఏడు బడులు మారింది.

నాలుగేళ్ళ కిందట సొంత ఊరి మూడో డివిజన్ జట్టు పిలిచినప్పుడు విల్మా తన తండ్రి ఇంట్లో మళ్ళీ దీపం పెట్టుకుంది. ఇక్కణ్ణుంచి నన్ను మోసుకుపోవాలే గానీ నడిచి రాను, అని మొగుడితో ఖరాఖండిగా చెప్పింది. నోయేమికి ఇక్కడే మందుల షాపులో ఉద్యోగం దొరికింది, ఇక్కడే పెళ్ళయింది, రెండు వీధుల అవతలే కాపురం. కూతురు సాయంత్రాలు చెప్పకుండా వచ్చి కుండ మూత తీసి చూసే సుఖం విల్మాకి యాభై మూడో ఏట మొదలైంది. అది కూడా ఇప్పుడు ఓ కాగితం పాలైంది.

"ఒక్కటి నిజం చెప్పు," అంది విల్మా, ఎదురుగా బల్ల మీద కూలబడి. "క్లబ్బు ప్రెసిడెంటు తియ్యమన్నాడా?"

"లేదు."

"అల్లుణ్ణి ఆడిస్తున్నాడని ఊళ్ళో ఎవరైనా కూశారా?"

"కూసినవాళ్ళ మాట నేనెప్పుడు విన్నాను?"

"మోకాలా? నీలాగా అవుతాడని భయపడ్డావా?" ఆమె గొంతులో గంపెడాశ. ఇదైతే కూతురి దగ్గరకి తీసుకెళ్ళొచ్చు. నాన్న నీ మొగుడి కాలు కాపాడాడే, అని చెప్పొచ్చు.

"మోకాలు రాయిలా ఉంది వాడికి." ఆర్మిన్ దారపు ఉండ పక్కన పెట్టాడు. "పరుగు తగ్గింది. బంతి ఎక్కడ పడుతుందో వాడికి ఇప్పటికీ అందరికంటే ముందే తెలుసు. అక్కడికి చేరేసరికి బంతి ఉండదు. అంతే విల్మా. ఇంకేం లేదు."

"అంతేనా?"

"అంతే."

ఉసూరుమంది విల్మాకి. ఏదో పెద్ద కారణం ఉంటుందని మూడు వారాలుగా అనుకుంటోంది. కోపగించుకోవడానికైనా, క్షమించడానికైనా ఓ పెద్ద కారణం కావాలి కదా.

"ఆ మాటే వెళ్ళి వాడితో చెప్పు."

"చెప్పలేను."

"ఎందుకని?"

"నాకెవరూ చెప్పలేదు. ఎలా చెప్తారో నాకు తెలియదు." ఆ మాట అన్నప్పుడు అతను నిజంగానే ముసలివాడిలా కనిపించాడు. విల్మాకి ఒళ్ళు మండింది, జాలి కూడా వేసింది. ముప్పై ఐదేళ్ళుగా ఈ రెండూ కలిసే వస్తున్నాయి ఆమెకి, విడదీసి చూసుకునే తీరికే దొరకలేదు.

గేటు కిర్రుమంది.

"వస్తున్నారమ్మోయ్," అన్నాడు లాజార్ కిటికీలోంచి తొంగి చూసి. "ఇద్దరూ."

ముందు జలాన్ వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని, గుమ్మానికి అందేంత పొడుగు మనిషి. "బాగున్నారా అత్తయ్యా," అన్నాడు. మామ వైపు తిరిగి, "నమస్కారం కోచ్ గారూ," అన్నాడు. మూడు వారాల కిందటిదాకా ఈ ఇంట్లో 'మామయ్యా' అనేవాడు.

నోయేమి పెరట్లోనే ఆగిపోయింది. కరుగుతున్న మంచు బురదలో, చేతులు కోటు జేబుల్లో కుక్కుకుని, మొహం గంటు పెట్టుకుని నిలబడింది.

విల్మా గుమ్మంలోకి వెళ్ళింది. "లోపలికి రావే. చలి."

"ఇంట్లోకి రానని చెప్పాను."

"ఇది ఇల్లు కాదు, వేసవి వంటిల్లు. ఇల్లు అదిగో." పెరటికి అవతల, మూడు మెట్ల పైన మూసి ఉన్న తలుపు చూపించింది.

"న్యాయంగా చూస్తే నిజమే," అన్నాడు లాజార్ లోపల్నుంచి. "మున్సిపాలిటీ కాగితాల్లో కూడా ఇది వేరేగానే ఉంటుంది."

నోయేమి పెదవి కొరుక్కుంది. వచ్చింది. తండ్రి వైపు చూడకుండా తలుపు పక్కనే నిలబడింది. విల్మాకి ఇక ఉండబట్టలేదు.

"మమ్మల్ని తిట్టు, కొట్టు. పళ్ళెం కడిగి పంపేంత కోపమటే నీకు?"

"ఏ పళ్ళెం?" నోయేమి టేబుల్ మీదికి చూసింది. మొగుడి వైపు తిరిగింది. "నువ్వు కడిగావా?"

"జిడ్డుగా ఉంది కదా," అన్నాడు జలాన్ బిత్తరపోయి. "రెండుసార్లు సబ్బు పెట్టాను. మురికి పళ్ళెం ఎలా తిరిగిస్తాం? మీ ఎదట పడటానికి మొహం చెల్లక గేటుకి తగిలించాను."

లాజార్ పగలబడి నవ్వాడు. "బుడాపెస్ట్‌లో పుట్టినవాడికి పళ్ళెం ఇవ్వడం మనదే తప్పు! రెండుసార్లు సబ్బట! వచ్చే ఏడు పంది కాదు కదా, ఈ పెరట్లో కోడి కూడా బతకదు!" విల్మాకీ నవ్వొచ్చింది. ఆర్మిన్ భుజాలు కూడా కదిలాయి. నోయేమి సగం నవ్వి, తను కోపంగా ఉన్నానన్న సంగతి గుర్తొచ్చి ఆపేసింది. లాజార్ నాలుగు చిన్న గ్లాసుల్లో ప్లమ్ సారా పోసి, ఇక్కడ తన పని అయిపోయిందని గ్రహించి, బకెట్ పట్టుకుని బయటికి నడిచాడు.

అతను వెళ్ళగానే నవ్వులు సద్దుమణిగాయి. గ్లాసులు ఎవరూ ముట్టుకోలేదు.

"కోచ్ గారూ," అన్నాడు జలాన్. "నాకో మాట చెప్పండి. నా ఎదురుగా చెప్పండి. ఎందుకు తీసేశారు?"

ఆర్మిన్ విల్మా వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. ఇది నీ పని, ఇన్నాళ్ళూ నేను చేసింది చాలు అనుకుంది.

"నీ పరుగు తగ్గిపోయింది, జలాన్."

జలాన్ తల ఊపాడు.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"సెప్టెంబరు నుంచి. మీకు?"

"ఆగస్టు."

జలాన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఆగస్టులోనే చెప్పి ఉంటే..."

"చెప్పాల్సింది," అన్నాడు ఆర్మిన్.

విల్మా తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది. ముప్పై ఐదేళ్ళ కాపురంలో ఆ మనిషి నోట తప్పు ఒప్పుకున్న మాట ఇంతకంటే దగ్గరగా ఎప్పుడూ రాలేదు. అమ్మయ్య, ఇక అమ్మాయి వస్తుంది, మళ్ళీ కుండ మూతలు తీస్తుంది అనుకుంది. గ్లాసు చేతిలోకి తీసుకుంది కూడా.

"ఇంకో సంగతి ఉంది మామయ్యా," అన్నాడు జలాన్. మళ్ళీ మామయ్య అయ్యాడు గానీ, ఆ పిలుపులో సంతోషం లేదు. "ప్రెసిడెంటు హల్మోష్ ఫోన్ చేశాడు. సోమవారం నుంచి మీరు..." టోపీని చేతుల్లో తిప్పుతూ ఆగిపోయాడు.

నోయేమి పూర్తి చేసింది. "నాన్నా, ప్రెసిడెంటు నిన్ను తీసేస్తున్నాడు. నీ స్థానంలో, కోచ్ బెంచీ మీద ఇతన్ని కూర్చోమంటున్నాడు. మధ్యాహ్నం అన్నం తింటుంటే ఇతనే చెప్పాడు నాకు. అందుకే వచ్చాం."

"నేను కాదన్నా ఎటూ ఇంకొకణ్ణి తెస్తానన్నాడు," అన్నాడు జలాన్. "మిమ్మల్ని అడిగాకే చెబుతానన్నాను."

బయట కాగు కింద కట్టెలు చిటపటమంటున్నాయి. విల్మా గుండె గతుక్కుమనాలి నిజానికి. కానీ సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆమెకి హాయిగా అనిపించింది. అయిపోయింది, ఇంక ఏ ఊరూ పిలవదు, ఈ మనిషి ఈ పెరట్లోనే ముసలివాడవుతాడు. మరుక్షణమే భయం వేసి భర్త మొహంలోకి చూసింది. గోడవైపు తిరిగిన ఆ పదకొండు రోజులు మళ్ళీ వస్తాయేమో అని.

ఆర్మిన్ తన గ్లాసు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు.

"ఒప్పుకో," అన్నాడు.

"మామయ్యా..."

"ఒప్పుకోమంటున్నాను కదా. బయటివాడెవడో వచ్చి పిల్లల్ని పాడుచేసే కంటే నయం. ఇలా రా, కూర్చో." టేబుల్ మీది వెల్లుల్లి రెబ్బలు దగ్గరకి లాక్కున్నాడు. "ఇది నీ గోల్‌కీపర్. వాణ్ణి మార్చకు, పిరికివాడే గానీ చేతులు మంచివి. ఎడమ పక్క ఈ పిల్లాడున్నాడే, వీడికి మొదటి అరగంట తిట్లు పడాలి, లేకపోతే నిద్రపోతాడు."

"వాణ్ణి కొంచెం ముందుకి జరిపితే?"

"జరిపావనుకో, ఇక్కడ ఖాళీ. చూడు, ఈ ఖాళీలోంచి మా అవ్వ కూడా గోల్ కొట్టేస్తుంది!"

రెండు తలలు వెల్లుల్లి మీదికి వంగాయి. మూడు వారాల పగ రెండు నిమిషాల్లో ఎగిరిపోయింది. ఉద్యోగం పోయినవాడి కళ్ళల్లో మెరుపు వచ్చింది. బెంచీ లాక్కున్నవాడు శ్రద్ధగా వింటున్నాడు.

"అమ్మా," అంది నోయేమి, విల్మా పక్కకి జరిగి. "చూస్తున్నావా?"

"చూస్తున్నాను."

"ఇక్కడ కోచ్ ఎన్నాళ్ళుంటాడు?"

"మీ నాన్న నాలుగేళ్ళున్నాడు. అది చాలా ఎక్కువ."

"తర్వాత?"

విల్మా అబద్ధం ఆడదామనుకుంది. నోరు రాలేదు. నోయేమి చెయ్యి చల్లగా వచ్చి ఆమె చేతిలో పడింది.

"ఏడు బడులు తిరిగానమ్మా నేను. ఒక్క స్నేహితురాలి పేరు కూడా గుర్తులేదు. షాపులో నాకు ఇప్పుడే ఉద్యోగం ఖాయం చేశారు. జలాన్ నేను చెబితే వినడు, ఒక్క ఏడాదే అంటాడు. నువ్వు చెప్పు. నువ్వంటే వింటాడు. వద్దని ఒక్క మాట చెప్పు."

వద్దని. ఇరవై ఎనిమిదేళ్ళలో ఎన్ని ఊళ్ళ నుంచి ఎన్ని ఉత్తరాలు వచ్చాయో, ప్రతిసారీ విల్మా ఒకటే అడిగేది, అక్కడ కిటికీలు ఎంత పొడుగు అని. 'వద్దు' అనే మాట ఆమె నాలుక మీదికి ఎప్పుడూ రాలేదు. ఆమెకిప్పుడు తన మీదే తనకి కోపం వచ్చింది.

"వద్దు," అంది.

గొంతు ఆమె అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. వెల్లుల్లి రెబ్బ పట్టుకున్న ఆర్మిన్ చెయ్యి ఆగిపోయింది.

"ఏం వద్దు?"

"ఈ ఉద్యోగం. జలాన్, వద్దు నాయనా. నువ్వు చెయ్యలేవని కాదు, ఈయన బెంచీ అనీ కాదు. అమ్మాయి మొహం చూసి చెబుతున్నాను. బంతి వెనక ఈయన పరిగెత్తాడు, ఈయన వెనక నేను పరిగెత్తాను. ఎక్కడికి చేరామో నాకైతే తెలియదు. ఇది పరిగెత్తకూడదు. ఇంకా మాట ఇవ్వలేదు కదా? ఫోన్ చేసి కాదని చెప్పు."

ఆర్మిన్ నోరు తెరిచి, భార్య మొహం చూసి మూసుకున్నాడు. జలాన్ టేబుల్ మీదికే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అత్తయ్యా," అన్నాడు చివరికి. "నిన్ననే సంతకం పెట్టేశాను."

విల్మా చేతిలోని గ్లాసు టేబుల్ మీద పెట్టేసింది.

"నిన్నా?" అంది నోయేమి.

"నిన్న సాయంత్రం."

"నిన్న సాయంత్రం కారు టైర్లు మార్పించడానికి వెళ్ళానన్నావు."

"నీకెలా చెప్పాలో తెలియలేదు నోయేమీ."

ఆర్మిన్ తల వంచుకున్నాడు. ఆ మాట ఎక్కడ పుట్టిందో అతనికంటే బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు. విల్మా అల్లుడి వైపు చూసింది. సోమవారం దాకా ఎందుకు, ఈ పిల్లాడు అప్పుడే కోచ్ అయిపోయాడు అనుకుంది.

నోయేమి అరవలేదు, ఏడవలేదు. కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంది.

"అమ్మా, నా పాత గదిలో పక్క ఉందా?"

"ఉంది. దుప్పట్లు ఆదివారమే మార్చాను."

ఆమె బయటికి నడిచింది. కాగు దగ్గర లాజార్ పక్కకి తప్పుకున్నాడు. కాస్త వెలుతురు ఇంకా మిగిలి ఉన్న పెరడు దాటి, మూడు మెట్లూ ఎక్కి, తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. విల్మా ఈ మూడు వారాలూ ప్రతి రోజూ దేవుణ్ణి అడిగింది సరిగ్గా ఇదే, కూతురు ఆ మెట్లెక్కి ఇంట్లోకి రావాలని.

"నోయేమీ!" అంటూ జలాన్ బురదలో పరిగెత్తాడు. పరుగు నిజంగానే తగ్గింది. అతను మెట్ల దగ్గరికి చేరేలోపే లోపల్నుంచి గడియ పడింది.